శ్రీ కింద మా అన్నయ్య గొంతు

మీ తల్లికి చూపు లేకపోతే, పక్కన కూర్చున్నది మీరేనని ఆవిడకి ఎలా తెలుస్తుంది? మాటని బట్టి. ఆ మాట కూడా పోతే?

జవాబుకి ముందు నేనెలాంటిదాన్నో చెప్పాలి. దెయ్యాల్ని నేను ఏనాడూ నమ్మలేదు, ఇవాళా నమ్మను. గుంటూరులో కాలేజీ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాను. సెలవులొస్తే పల్లెల్లో సభలు పెట్టి, బాబాలు చూపించే మహిమల్ని అరచేతిలో కర్పూరం వెలిగించి మరీ చేసి చూపించాను. నల్లపాడులో మా ఇంటికి ముహూర్తం చూడలేదు, గుమ్మానికి గుమ్మడికాయ కట్టలేదు. సాక్ష్యం లేనిదాన్ని ఒప్పుకోవడం బుద్ధిని అవమానించుకోవడమేనని ఎన్ని వేదికల మీద గొంతు చించుకున్నానో నాకే గుర్తులేదు. కాబట్టి కింద రాసినదాన్ని సాక్ష్యంగానే చదవండి.

మా అన్నయ్యది సింగరాయకొండ దగ్గర పల్లె. పొగాకు, మిర్చి పండించేవాడు. చుట్ట మానలేదు. గొంతులో కాన్సర్ వచ్చింది. స్వరపేటిక తీసేస్తే బతుకుతాడు, మాట మాత్రం ఇక రాదన్నారు డాక్టర్లు. మా అమ్మ అప్పటికే చూపు పోయి అన్నయ్య దగ్గరే ఉండేది. అన్నయ్య పలక మీద రాస్తే వదిన చదువుకుంటుంది. అమ్మ సంగతేమిటి?

దారి చూపించినవాడు మస్తాన్. ఒంగోల్లో కంప్యూటర్ కోర్సులు చెప్పేవాడు. మా సభలకి మైకు సెట్టు మోసుకొచ్చి, మధ్యలో నమాజుకి వెళ్ళొచ్చి, మళ్ళీ నాతోనే వాదన పెట్టుకునే మనిషి. ఆపరేషన్‌కి ముందు అన్నయ్య ఇంట్లో కూర్చుని, రోజూ వాడుకునే మాటలన్నీ అన్నయ్య గొంతుతోనే రికార్డు చేశాడు. అవి మిర్చి కోతల రోజులు. కళ్ళం ఇంటి వెనకే. కిటికీలకి దుప్పట్లు కట్టినా ఘాటు ఆగలేదు. "అమ్మా, నేనేనే. ఇక్కడే ఉన్నా" అన్న మాట చివర అన్నయ్యకి చిన్న దగ్గొచ్చింది. మళ్ళీ చెప్పమన్నాడు మస్తాన్. అమ్మ ఒప్పుకోలేదు.

"ఉండనీరా. దగ్గు లేకపోతే వాడెట్టా అవుతాడు?" అంది.

ఆ మాటలతో మస్తాన్ ఒక ప్రోగ్రామ్ రాశాడు. తెర మీద బొమ్మలుంటాయి. చెంబు నొక్కితే అన్నయ్య గొంతు నీళ్ళడుగుతుంది. కళ్ళజోడు నొక్కితే అమ్మని పలకరిస్తుంది. ఆపరేషన్ తర్వాత అన్నయ్య ఆ పెట్టె ముందు కూర్చునేవాడు, అమ్మ పక్కన నులకమంచం మీద. కళ్ళజోడు పలికితేనే అమ్మ నోరు తెరిచి ముద్ద తినేది.

ఇక్కడ ఒక్క సాంకేతిక విషయం చెప్పాలి. ఆ ప్రోగ్రామ్ రాసింది జావా అనే కంప్యూటర్ భాషలో. అది నడవాలంటే జావా కూడా కంప్యూటర్లో ఎక్కించి ఉండాలి. జావాలో పాతదీ కొత్తదీ ఉంటాయి. మస్తాన్ రాసింది పాతదాంతో; కొత్తదాంతో బొమ్మలొస్తాయి గానీ గొంతు పలకదు. ఆ పాత జావా ఏ ఫోల్డర్లో ఉందో ఒక చిన్న ఫైల్లో మొదటి గీత మీద రాసిపెట్టాడు. ప్రోగ్రామ్ ఆ గీత చదివి అక్కడికి వెళుతుంది. దొరక్కపోతే కంప్యూటర్లో ఎదురుపడిన ఏదో ఒక జావాని పట్టుకుంటుంది. అప్పుడు ఏ జావాతో, ఏ ఫోల్డర్ నుంచి నడుస్తోందో తెలియడానికి తెర మూల కూడా ఒక వరస పెట్టాడు. వెళ్తూ నాతో అన్నాడు: "మేడమ్, మీరు దేవుణ్ణి తీసేస్తే తీసేయండి. ఇందులో మాత్రం ఏదీ తీసేయకండి."

ఏడాది తిరక్కుండానే హైవే మీద లారీ గుద్ది మస్తాన్ పోయాడు. అమ్మకి చెప్పలేదు. దిగులు పడుతుందని దాచాం.

తర్వాత కరెంటు ఎక్కువతక్కువలకి కంప్యూటర్ చెడిపోయింది. ఊళ్ళో షాపతను బాగుచేసి పంపాడు. ప్రోగ్రామ్ తెరుచుకుంది. బొమ్మలొచ్చాయి. గొంతు రాలేదు.

అన్నయ్య కళ్ళజోడు నొక్కుతూనే ఉన్నాడు. చివరికి అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. అమ్మ ఆ చేతిని తడిమి, "చెయ్యి వాడిదే. మాటేదీ?" అంది. ఆ పూట నుంచి ముద్ద ముట్టలేదు. వదిన బతిమాలింది. నేను బస్సు దిగి వెళ్ళేసరికి అమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఈ వయసులో ఇలాగే ఉంటే ఎక్కువ రోజులు నిలవదని ఆర్ఎంపీ డాక్టర్ అప్పటికే చెప్పి వెళ్ళాడు.

బాగుచేయడంలో ఆ చిన్న ఫైల్ ఖాళీ అయిపోతే, షాపతను ఫోన్లో చెబుతుంటే, అందులో పాత ఫోల్డర్ పేరు మళ్ళీ రాసింది వదినే. నేను తెరిచి చూశాను. మొదటి గీత మీద ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీ అని ఉంది. ఫోల్డర్ పేరు దాని కింద.

"ఇదేంటి వదినా?"

"ఏం రాసినా పైన శ్రీ పెట్టాలిగా అమ్మాయ్. సరుకుల చీటీకే పెడతాను, మీ అన్నయ్య గొంతుకి పెట్టనా?"

నాకు ఒళ్ళు మండింది. ప్రోగ్రామ్ చదివేది మొదటి గీతనే. అక్కడ శ్రీ కనపడితే దానికి పాత జావా ఎలా దొరుకుతుంది? "నీ శ్రీయే మా అన్నయ్య నోరు నొక్కింది" అన్నాను. చెరిపేశాను. వదిన కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను ప్రోగ్రామ్ మూసి మళ్ళీ తెరిచి, ధీమాగా కళ్ళజోడు నొక్కాను.

నిశ్శబ్దం.

అప్పుడు వెతికాను. పాత జావా ఫోల్డరే లేదు. డిస్కంతా గాలించాను. షాపతనికి ఫోన్ చేస్తే తేలిగ్గా చెప్పాడు: "ఒక్క కంప్యూటర్‌కి రెండు జావాలెందుకు మేడమ్? చోటు చాలక పాతది తీసేసి కొత్తది వేశా." అంటే శ్రీ ఉన్నా లేకపోయినా ఒకటే. తప్పు ఎక్కడుందో తెలిసింది, మందు చేతిలో లేదు.

ఒంగోలు వెళ్ళాను. మస్తాన్ పాఠం చెప్పిన చోట అందరి దగ్గరా కొత్తదే ఉంది. గుంటూరు వచ్చి నెట్ సెంటర్లో పాత జావా డౌన్‌లోడ్ చేసుకోబోతే లైను తెగిపోతూ వచ్చింది. ఆఖరికి మస్తాన్ దగ్గర చదువుకున్న ఒకమ్మాయి తన పాత సీడీ వెతికి ఇచ్చింది. పొద్దున్నే బస్సెక్కి పల్లెకి బయల్దేరాను.

గేటు దగ్గరే వినపడింది.

"అమ్మా, నేనేనే. ఇక్కడే ఉన్నా." చివర ఆ చిన్న దగ్గు.

లోపల అన్నయ్య ఏడుస్తూ నొక్కుతున్నాడు. వదిన మజ్జిగన్నం ముద్దలు చేసి పెడుతోంది. అమ్మ నములుతూ నవ్వుతోంది. "విన్నాన్లేరా పెద్దోడా, ఎన్నిసార్లు చెబుతావ్? చెవుడొచ్చిందనుకున్నావా నాకు?" నా అడుగుల చప్పుడు పోల్చుకుని ఇటు తిరిగింది. "అమ్మాయ్, మస్తానుకి టీ ఇచ్చారా? ఇందాకట్నుంచీ ఒట్టినే కూర్చున్నాడు."

గదిలో మేం నలుగురమే ఉన్నాం. మంచాన పడ్డ మనిషి తడబాటు అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

తెర మూల చూశాను. పాత జావా అని ఉంది. పాత ఫోల్డర్ పేరు ఉంది. డిస్క్ తెరిచి చూస్తే ఆ ఫోల్డర్ లేదు. చిన్న ఫైల్ తెరిస్తే మొదటి గీత మీద మళ్ళీ శ్రీ.

"నువ్వు తీసేశావని మనసొప్పక నిన్న మళ్ళీ పెట్టా" అంది వదిన. "ఇంకేం చెయ్యలేదు, ఒట్టు. పొద్దున ఆన్ చేస్తే పలికింది."

షాపతను వచ్చాడా, వేరే ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగాను. ఎవరూ రాలేదు. నా సీడీ సంచిలోనే ఉంది.

పరీక్షించడం నాకు చేతకాని పని కాదు. ప్రోగ్రామ్ మూసేయాలి, శ్రీ చెరపాలి, మళ్ళీ తెరవాలి. ఒక్క అంశం మార్చి ఫలితం చూడాలని తరగతి గదిలో చెప్పిందే. చెయ్యి మౌస్ మీద పెట్టాను. అమ్మ తర్వాతి ముద్దకి నోరు తెరిచింది. చెయ్యి తీసేశాను.

ఆ సాయంత్రమే అమ్మ పోయింది. అన్నయ్య గొంతు వింటూనే పోయింది.

కర్మకాండలు నేను చేయించను, వదిన చేయించింది. ఆ తర్వాత కంప్యూటర్ ఆన్ చేశాను. బొమ్మలొచ్చాయి, గొంతు రాలేదు. తెర మూల కొత్త జావా పేరుంది. శ్రీ తీసి చూశాను, మళ్ళీ పెట్టి చూశాను. అదే మౌనం. "నీ శ్రీ మహిమైతే ఇప్పుడెందుకు పలకదు?" అని వదినని అడిగాను. నిష్ఠూరం లేకుండా చెప్పింది: "ఇప్పుడు వినే మనిషి లేదుగా అమ్మాయ్."

అది జవాబు కాదని నాకు తెలుసు. అంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు. గుంటూరులో ఒక ఇంజనీరుకి చూపించాను. తీసేసిన ఫోల్డర్ నుంచి ప్రోగ్రామ్ నడవదని, పైగా మధ్యలో ఎన్నోసార్లు ఆపి పెట్టారు గనక కంప్యూటర్ జ్ఞాపకంలో మిగిలే వీలే లేదని చెప్పాడు. మేం నలుగురం భ్రమపడ్డామేమో అన్నాడు. నలుగురం ఒకే దగ్గు విన్నాం.

సీడీ ఎక్కిద్దామని తీశాను. పాత జావా పెడితే అన్నయ్య మళ్ళీ మాట్లాడొచ్చు. అన్నయ్య నా చెయ్యి ఆపి, పలక మీద రాశాడు: "ఇంకెవరికి?"

సీడీ ఎక్కించలేదు. ఆ పెట్టె ఇప్పుడు నల్లపాడులో మా ఇంట్లో ఉంది. అమ్మ పోయాక అందులో ఏదీ చేర్చలేదు. మొదటి గీత మీద శ్రీ అలాగే ఉంది. చెరపడానికి నాకు చెయ్యి రావడం లేదు. కారణం అడగొద్దు.

చదివి తల ఊపి ఊరుకోకండి. దెయ్యమనకండి, మహిమ అనకండి. కంప్యూటర్ తెలిసినవాళ్ళయితే మా ఇంటికి రండి. పెట్టె విప్పండి, డిస్క్ గాలించండి, నేనెక్కడ పొరబడ్డానో నా మొహం మీదే చెప్పండి. ఒక్కటి మాత్రం పాటించండి. అన్నయ్య చెకప్‌కి వచ్చి మా ఇంట్లో ఉన్న రోజున రాకండి. ఒకవేళ అది పలికితే, అమ్మ వింటోందనుకోవడానికి ఆ గదిలో అన్నయ్య ఉండకూడదు.