ఎర్త్ వైరు

నేను ఇంతను అంత చేసి చెప్తాను, ముందే ఒప్పుకుంటున్నాను. మొయినాబాద్‌లో మా పాత కారును తోసి తోసి సగం ఊరికి నడుములు పట్టేశాయి. చేవెళ్ల దవాఖానా నుంచి అన్న చివరిసారి రమ్మన్న రోజు కూడా అది కదలలేదు.

అన్న చనిపోయిన నెలకు, ఆయన పక్కింటి మెకానిక్ బానెట్ ఎత్తాడు. తాళం తిప్పితే ఒకసారి స్టార్టయింది, మరోసారి కాలేదు. బ్యాటరీ దగ్గరి తీగ కదిపి చూశాడు.

"గీ ఎర్త్ వైరు లూజున్నదన్నా. తగిలితే స్టార్టయితది, లేకుంటే లేదు. పాపం, మీ అన్న నీకోసం తొవ్వ చూసిండు. బండి గిట్ల జేసె."

బోల్టు బిగించాడు. నేను తల ఊపాను.

కారును తోసింది నలుగురే, సగం ఊరన్నది నా కోతలే. అబద్ధం ఒక్కటే, అన్న రమ్మన్న రోజు కారు కదలలేదన్నది: అది మొదటి తాళానికే స్టార్టయింది. అన్నతో మాటల్లేవని నేనే ఇంజన్ ఆపేశాను.