చోవా చూ కాంగ్‌లో ఓడిపోయిన కౌంటీ సీటు

ఇదొక మహేతిహాసం. ఇందులో సింహాసనం ఉంది, దాని మీద తరాల తరబడి కదలకుండా కూర్చున్న వర్గం ఉంది, సరిహద్దులు చెరిపి మళ్ళీ గీసిన ఘట్టాలున్నాయి, ఒంటరిగా కత్తి దూసిన వీరనారి ఉంది, చివర్లో ఒక వెన్నుపోటు కూడా ఉంది.

లేదు, అంత లేదు. సింహాసనం అంటే ఇంగ్లండులో ఒక కౌంటీ కౌన్సిల్ సీటు. మన జిల్లా పరిషత్తు లాంటిదనుకోండి, కాకపోతే వెనకాల కార్లు ఉండవు. సరిహద్దులంటే డివిజన్ల పునర్విభజన. వీరనారి మా అక్క. ఆసుపత్రిలో నర్సు. చేతిలో కత్తి కాదు, కరపత్రాల సంచి. వెన్నుపోటు మాత్రం నిజమే. అది సింగపూర్లో, చోవా చూ కాంగ్‌లోని మా పెద్దనాన్న ఫ్లాట్లో, ఒక ఆదివారం సాయంత్రం పెసరట్లు తింటుండగా జరిగింది. పొడిచిన మనిషికి తాను పొడిచినట్టు ఇప్పటికీ తెలియదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

అసలు గొడవ ఒక బస్సు గురించి. అక్క కూతురికి పదకొండేళ్ళు. పిల్లను బడికి తీసుకెళ్ళే బస్సును కౌన్సిల్ ఆపేసింది. ఇల్లు బడికి ఫలానా దూరం దాటి ఉంటేనే ఉచిత బస్సు అని అక్కడి నియమం. ఇన్నాళ్ళూ రోడ్డు వెంట కొలిచారు, దూరం సరిపోయింది. ఈసారి ఎవరో మహానుభావుడు ఆఫీసులో కూర్చుని, మ్యాపు పెద్దది చేసి చూసి, పొలాల మధ్య ఒక కాలిబాట ఉందని కనిపెట్టాడు. ఆ బాట మీదుగా కొలిస్తే దూరం తగ్గింది. బస్సు పోయింది. ఏడాదిలో సగం రోజులు ఆ బాటంతా బురదే. అక్క డ్యూటీ బడి గంటకన్నా ముందే మొదలవుతుంది. బావ ఉద్యోగం వేరే ఊళ్ళో, ఉన్న ఒక్క కారూ ఆయనతోనే పోతుంది. కాబట్టి చలికాలం పొద్దున్నే, ఇంకా తెల్లారకముందే, పిల్ల ఒక్కతే టార్చిలైటు పట్టుకుని ఆవులు మేసే పొలం దాటి బడికి వెళ్ళాలి.

అక్క అర్జీ పెట్టింది. మీ ఆవేదన అర్థమైందని జవాబు వచ్చింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ అర్థమైంది. మూడోసారి అర్థం చేసుకునే అవకాశం వాళ్ళకివ్వకుండా, వచ్చే కౌంటీ ఎన్నికల్లో స్వతంత్ర అభ్యర్థిగా నామినేషన్ వేసేసింది. అక్కడ శాశ్వత నివాసం ఉన్న కామన్వెల్త్ పౌరులు ఓటు వేయడమే కాదు, నిలబడొచ్చు కూడానట. ఆ సంగతి అక్కకు నర్సుల గదిలో ఎవరో చెప్పారు.

నాకు ఫోన్ చేసింది. “ఏమే, నువ్వా సింగపూర్ బూన్ లేలో పొద్దస్తమానం పట్టికలేగా గీస్తావు. మా కౌంటీ ఎన్నికల చరిత్ర మొత్తం తవ్వి పెట్టు. ఈ సీటు ఎప్పుడైనా చేతులు మారిందా చూడు.”

“జీతం ఎంత?”

“గెలిస్తే బస్సులో కిటికీ పక్క సీటు.”

నేను పనిచేసేది ఒక గోడౌన్ కంపెనీలో. ఏ పెట్టె ఏ వరసలో ఉందో చెప్పడం నా వృత్తి. కౌంటీ కౌన్సిల్ చరిత్ర దానికి పెద్ద దూరం కాదని రెండు రోజుల్లో అర్థమైంది. అక్కడా పెట్టెలు కదలవు. బూన్ లేలో రైలెక్కి, యూ టీలో నేనుండే అద్దె గదికి చేరేలోపు రోజుకు ఒక ఎన్నిక చొప్పున చదివాను. మా నాన్న నిక్కర్లేసుకున్న రోజుల్లో చట్టం మారి ఆ కౌన్సిల్ కొత్తగా పుట్టింది. నాలుగేళ్ళకోసారి ఎన్నిక. నాలుగేళ్ళకోసారి అదే రంగు జెండా. మధ్యలో ఎప్పుడో ఒకసారి హంగ్ వచ్చింది. నేను నిటారుగా కూర్చున్నాను. మన దగ్గరైతే సభ్యుల్ని బస్సెక్కించి రిసార్టుకు తోలేవాళ్ళు. వాళ్ళు కమిటీలు పంచుకుని, తీర్మానం రాసుకుని, ఇళ్ళకు పోయారు. బస్సు విలువ తెలియని జాతి అని అప్పుడే అనుకున్నాను.

అక్క డివిజన్ పేరు రెండుసార్లు మారింది, గీతలు రెండుసార్లు జరిగాయి, మనిషి మాత్రం మారడం తక్కువ. ఒకాయన ముసలివాడయ్యేదాకా ఉన్నాడు, తర్వాత అదే పార్టీలోంచి ఇప్పుడున్నాయన వచ్చాడు. కానీ పట్టిక కిందికి వచ్చేకొద్దీ ఒక సంగతి కనబడింది. ఆయన మెజారిటీ ప్రతిసారీ కరుగుతోంది. ఎదటివాళ్ళ ఓట్లు రెండుగా చీలడం వల్ల బతికిపోతున్నాడు. పైగా ఓటేసేవాళ్ళే తక్కువ. బస్సు పోయిన ఇళ్ళవాళ్ళు కోపంగా లేచి వచ్చి ఓటేస్తే చాలు.

అక్కకు చెప్పాను. “నవ్వకు గానీ, నువ్వు గెలవొచ్చే.”

అక్క నవ్వలేదు. “పక్కింటావిడ రిటైర్డ్ టీచరు. రోజూ నాతో పాటు తిరుగుతోంది. పిల్ల కూడా కరపత్రాలు మడుస్తోంది,” అంది. గొంతులో ఏదో ఉంది. పెళ్ళిలో కూడా అది అంత సంతోషంగా లేదు.

పాపం ఆ పట్టికది కాదు, నేను దాన్ని తెరిచిన బల్లది. యూ టీకి ముందు స్టేషనే చోవా చూ కాంగ్. ఆదివారం సాయంత్రాలు అక్కడ దిగి పెద్దనాన్న ఇంట్లో తినడం నా అలవాటు. పెద్దనాన్న గోదావరి జిల్లా నుంచి బ్యాంకు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన మనిషి. తగువు ఎక్కడుందో వాసన పట్టి వెళ్ళి రాజీ చేసి వస్తాడు. ఎవరూ అడగరు. అయినా వెళ్తాడు.

“డిపాజిట్ ఎంతమ్మాయ్?” అన్నాడు, నా ల్యాప్‌టాప్ వైపు వంగి.

“అక్కడ డిపాజిట్ లేదు పెద్దనాన్నా.”

పెసరట్టు ముక్క నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. “డిపాజిట్టే లేదా? మరి ఓడిపోయినోడికి సిగ్గెలాగ?”

పెద్దనాన్న కూతురు, నాకు చెల్లి వరస, ఇక్కడే పుట్టి పెరిగి, మాట చివర ఇక్కడివాళ్ళలాగే ‘లా’ తగిలించే పిల్ల, నా భుజం మీంచి పట్టిక పై వరసలు చూసింది. “హే, దిస్ వన్ అనపోజ్డ్. ఓట్సే లేవు. మీనింగ్ నోబడీ బాదర్డ్ లా.”

పెద్దనాన్న కళ్ళద్దాలు సర్దుకున్నాడు. ఆ ముఖంలో వెలుగు చూసినప్పుడే నేను ల్యాప్‌టాప్ మూసేసి ఉండాల్సింది. “ఏకగ్రీవం,” అన్నాడు, గుళ్ళో తీర్థం పుచ్చుకున్నట్టు. “చూశారా, ఇంగ్లీషోడిక్కూడా తెలుసు. పోటీ అంటేనే పెద్దమనుషులు ఫెయిలయినట్టండి. మా ఊళ్ళో సర్పంచి ఎప్పుడూ ఏకగ్రీవమే. అరుగు మీద కూచుని మాట్లాడేసుకునేవోళ్ళం. ఊరికి నజరానా కూడా వచ్చేది.”

“ఆ అరుగు మీద మిమ్మల్ని కూచోనిచ్చేవోళ్ళా?” అంది వంటింట్లోంచి పెద్దమ్మ.

“నువ్వు అట్టు మాడకుండా చూడు.”

సరిగ్గా అప్పుడే అక్క వీడియో కాల్ వచ్చింది. అక్కడ మధ్యాహ్నం. ఇప్పుడున్న కౌన్సిలరు ప్రచారానికి తిరుగుతూ, ప్రత్యర్థి అని తెలిసీ, మర్యాదకు అక్క గుమ్మంలో ఆగాడట. లోపలికి పిలిచి టీ ఇచ్చింది. ఫోన్ బల్ల మీద నిలబెట్టి ఉంది కాబట్టి ఆయన మాకు కనిపించాడు. ఎర్రటి ముఖం, చేతిలో పప్పుచెక్క. కారం తగిలి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ బాగుందంటున్నాడు.

“అమ్మాయ్, ఫోను ఓసారి ఆయన వైపు తిప్పు,” అన్నాడు పెద్దనాన్న.

అక్క మర్యాదకు తిప్పింది. మా వంశంలో మర్యాదకు చేసినవన్నీ ఇలాగే తగలడ్డాయి.

పెద్దనాన్న చొక్కా పైబొత్తం పెట్టుకున్నాడు. “సర్, వియ్ ఆర్ ఆల్సో ఫ్రమ్ పబ్లిక్ లైఫ్,” అని మొదలుపెట్టాడు. ఆయన పబ్లిక్ లైఫ్ అంటే ఒక ఏడాది వినాయక చవితి కమిటీలో కోశాధికారి. తర్వాత విషయానికొచ్చాడు. బస్సు సంగతి మీరు చూడండి, మా అమ్మాయి తప్పుకుంటుంది, ఊరంతా ఒక్క మాట మీద ఉంటుంది. రెండో ముక్క ఆయనకు అర్థం కాలేదో, అర్థమై వినపడనట్టు ఊరుకున్నాడో తెలియదు. మొదటి ముక్కకు మాత్రం తల ఊపి, తప్పకుండా చూస్తానని ఇంగ్లీషులో అన్నాడు. ఇంకో చెక్క తీసుకున్నాడు.

మన ఎమ్మెల్యే ‘చూద్దాం’ అంటే అర్థమేమిటో మా పెద్దనాన్నకు తెలియనిది కాదు. అలాంటి ‘చూద్దాం’ల మీద ఆయన జోకులు కూడా వేస్తాడు. అదే మాట తెల్లటి మనిషి చక్కటి ఉచ్చారణతో అనేసరికి రాగిరేకు మీద చెక్కిన శాసనమైపోయింది. “అయిపోయిందండి,” అన్నాడు మా అందరివైపు తిరిగి. “అరగంటలో తేల్చేశాం.”

చెల్లి చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసింది. “పా, యూ ఆర్ నాట్ ఈవెన్ ద క్యాండిడేట్ లా.”

ఫోను మళ్ళీ తనవైపు తిప్పుకున్నాక తెరమీద అక్క ముఖం నాకు గుర్తుంది. చిన్నప్పుడు దాని సైకిల్‌ను, దాన్ని అడక్కుండానే చుట్టాలబ్బాయికి ఇచ్చేసినప్పుడు కూడా అదే ముఖంతో నిలబడింది. ఆ సైకిల్ ఇచ్చింది కూడా ఈ పెద్దనాన్నే.

మర్నాడు ఎన్నికల ఆఫీసుకు అక్క ఫోన్ చేసింది. ఉపసంహరణ గడువు ఎప్పుడో దాటిపోయిందమ్మా, బ్యాలెట్టు మీద మీ పేరు ఉంటుంది అన్నారు. నేను ఆనందంతో యూ టీ స్టేషన్లో ఎస్కలేటర్ మీదే నవ్వాను. తొందరపడ్డాను. పెద్దనాన్న దగ్గర దానికీ మందుంది. “పేరుంటే ఉండనీండి. ఇంక తిరక్కూడదు. మాటంటే అదీ.” ఇండియా నుంచి నాన్న కూడా అక్కకు ఫోన్ చేశాడు. అన్నయ్య మాటిచ్చాడు కదమ్మా, ఆయన పరువు చూడు అన్నాడు. ఆయన పరువు. పిల్ల నడిచే బురద గురించి ఆ కాల్లో ఒక్క మాట లేదు.

“ఎవడో ఇచ్చిన మాటకి నువ్వెందుకే ఆగాలి?” అని నేను అరిచాను. “నామినేషన్ మీద సంతకం ఎవరిది?”

“నువ్వు సింగపూర్లో కూచుని అరుస్తావు. నాన్న రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు. బీపీ మాత్ర వేసుకోనంటున్నాడట.”

“నువ్వు నర్సువి. మాత్ర వేసుకోనివాణ్ణి ఏం చేస్తారు మీ వార్డులో?”

“మా వార్డులో మా నాన్న ఉండడే,” అంది.



ప్రచారం మానేస్తున్నానని పక్కింటి టీచరుకు అక్క ఎలాగో చెప్పింది. ఆవిడ కారణం అడగలేదట. మిగిలిన కరపత్రాల కట్ట తీసుకెళ్ళి పాత కాగితాల డబ్బాలో వేసిందట. తిడితే బాగుండేదని అక్క అంది.

ఓట్లు పడ్డాయి. మానేసిన ప్రచారానికి కూడా జనం వచ్చి ఓటేశారు. మర్నాడు లెక్కింపు. అక్కడ లెక్క మొదలయ్యేసరికి ఇక్కడ నాకు పని గంటలైపోయాయి, రైల్లో పేజీ మళ్ళీ మళ్ళీ తెరుస్తూ కూర్చున్నాను. అదే రంగు గెలిచింది. అక్క రెండో స్థానం. తేడా ఎంతంటే, ఆ ఓటర్లందర్నీ ఒక స్కూలు బస్సులో కూర్చోబెట్టొచ్చు. పోలిక నేను కల్పించింది కాదు, వెటకారం అంతా ఆ కౌంటీదే. అక్క తిరగడం మానేసిన వీధులు కౌన్సిల్ ఆపేసిన ఆ బస్సు వెళ్ళిన దారిలోవే.

ఆ ఆదివారం చోవా చూ కాంగ్‌లో దిగకూడదనుకున్నాను. దిగాను. కొన్ని మాటలు ఫోన్లో తిడితే సరిపోవు.

“గౌరవంగా ఓడిందమ్మా,” అన్నాడు పెద్దనాన్న, నేను చెప్పులు విప్పకముందే.

“ఓడింది మీరు పెద్దనాన్నా. అది గెలుస్తోంది, మధ్యలో మీరెళ్ళి ఓడారు.”

“అదేం మాట? ఆయన చూస్తానన్నాడు.”

“చూశాడు. ఉత్తరం కూడా రాశాడు, నిన్నే అందింది. మళ్ళీ కొలిపించాడట. బాట మూలమలుపు దగ్గర ఇంకో అడ్డదారి దొరికింది. దూరం ఇంకా తగ్గింది.”

ఇది నిజం. కౌన్సిలరు మాట తప్పలేదు. చూస్తానన్నాడు, చూశాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆయన అడిగింది ఓటు, తిన్నది రెండు చెక్కలు. మొత్తం సీటు పళ్ళెంలో పెట్టి ఇచ్చింది మా ఇంటి పెద్దమనిషి.

పెద్దనాన్న ఏదో అనబోయాడు. వంటింటి గుమ్మంలో పెద్దమ్మ నిలబడి ఉంది, చేతిలో అట్లకాడ. “మీరు మాటివ్వాలంటే మీదేదైనా ఇవ్వండి. ఎప్పుడూ ఎదటోళ్ళవే ఇస్తారు,” అంది. అరవలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచి దాచుకున్న వాక్యంలా ఉంది అది.

చెల్లి ఫ్యాను వేగం పెంచింది. పెద్దనాన్న అట్టు తుంచి, చట్నీలో ముంచి, తినకుండా పెట్టాడు. క్షమించమంటాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. అంత పెద్ద ఆశలు పెట్టుకునే వయసు నాకింకా దాటలేదు.

“పిల్లకి బురదలో ఇబ్బందిగా ఉంటది కదూ,” అన్నాడు చివరికి. “మీ ఆఫీసు దగ్గర పనోళ్ళ సామాన్ల కొట్లుంటాయి కదమ్మాయ్. రబ్బరు బూట్లు ఓ జత కొని పంపు. నేను చెప్పానని చెప్పు.”

సోమవారం భోజన విరామంలో వెళ్ళాను. ఆయన మాట కోసం కాదు, పిల్ల కాళ్ళ కోసం. బూన్ లే కొట్లలో రబ్బరు బూట్లు నల్లవీ ఉన్నాయి, పసుపువీ ఉన్నాయి. అన్నీ పెద్దవాళ్ళ సైజులే.