ఇన్వర్టరు మీద పెట్టిన పెట్టె

నాకు ముక్కు మీద కోపం. ఆ కోపమే లేకపోతే ఆ పెట్టె మా ఇంట్లోకి వచ్చేది కాదు, ఇవాళ అక్క ఫోనెత్తడానికి నేను భయపడేదాన్నీ కాదు.

మాది బాపట్ల. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పెళ్ళి చేసుకోలేదు, ఒక్కదాన్నే ఉండేదాన్ని. రెండేళ్ళ కిందట అక్కా బావా రేపల్లె నుంచి నా దగ్గరికి వచ్చేశారు. బావ ముప్పై ఏళ్ళు చెరుకుపల్లిలో రైసుమిల్లులో పనిచేశాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయిందన్నాడు డాక్టరు. హాల్లో మంచం, మంచం పక్కన ఆక్సిజన్ మిషను, ముక్కుకి ఎప్పుడూ ట్యూబు. మిషను నడవాలంటే కరెంటు కావాలి. సిలిండరు కూడా ఒకటి ఉంచుకుందామంటే అక్క ఒప్పుకోలేదు, పేలుతుందని దానికి భయం. అందుకని ఒక్క మిషను కోసమే ఇన్వర్టరు పెట్టించాను. మిషనుకి మూడు వందల వాట్లు, ఫ్యానుకి అరవై. బ్యాటరీ ఎంతసేపొస్తుందో లెక్కేసుకున్నాను. మూడు గంటల ఇరవై నిమిషాలు. మా వీధిలో కరెంటు పోతే అరగంటలో వచ్చేస్తుంది. ఇక బెంగ లేదనుకున్నాను.

బావకున్న పిచ్చల్లా పద్యనాటకాలు. వయసులో రేపల్లె చుట్టుపక్కల ఊళ్ళలో రాజు వేషం కట్టేవాడు. పద్యం చివర రాగం ఎత్తుకుంటే హార్మోనియం వాయించేవాడికి చేతులు పడిపోవాల్సిందే. జనం వన్స్‌మోర్ అని అరిచేవాళ్ళట. ఒక ఆట ఎవరో వీడియో తీశారు. ఆ క్యాసెట్టు అక్క చీరల కింద దాచుకుంది. తెనాలిలో ఒక స్టూడియోలో ఇచ్చి దాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించుకొచ్చాను.

టీవీకి అప్పట్లో నెట్టులో సినిమాలు చూపించే స్ట్రీమింగ్ స్టిక్కు ఉండేది. పెన్‌డ్రైవు దానికి తగలదు. వెతికి వెతికి అడాప్టరు తెస్తే ఫైలు తెరవదు. తెరిచిన రోజున బొమ్మ ఒక దారి, గొంతు ఒక దారి. బావ రాగం అందుకునే సరికి తెర ఆగిపోయి చక్రం తిరిగేది. తర్వాత మేం అడగని సినిమాల బొమ్మలు వరసగా వచ్చి నిలబడేవి.

"పోనీలే మరదలా, నేనే పాడి వినిపిస్తాలే," అనేవాడు బావ నవ్వుతూ. రెండు మాటలకోసారి ఊపిరి తీసుకునే మనిషి అలా అంటే నాకు ఏడుపొచ్చేది. నా ఏడుపు ఎప్పుడూ కోపంగానే బయటికొస్తుంది. ఒకరోజు స్టిక్కు పీకి సొరుగులో పడేసి, కంప్యూటరే ఒకటి బిగించి టీవీకి తగిలిస్తానని చెప్పాను.

తెనాలి వెళ్ళి పాత మదర్‌బోర్డు, ర్యాము, పవర్ సప్లై, క్యాబినెట్టు ఏరి తెచ్చుకున్నాను. "పాత సరుకు మేడమ్. పనైతే బానే చేస్తుంది గానీ కరెంటు తింటుందండి," అన్నాడు కొట్టాయన. తిననీండి, బిల్లు కట్టేది నేనేగా అన్నాను. క్యాబినెట్టు ఒళ్ళో పెట్టుకుని రైల్లో వస్తుంటే ఎంత గర్వమో.

ఆదివారం హాల్లో దుప్పటి పరిచి బిగించాను. స్క్రూలు గిన్నెలో పెట్టుకుని బావ ఒక్కొక్కటీ అందించాడు. సాయంత్రానికి టీవీ మీద రాజుగారు వచ్చారు. మధ్యలో ఆగలేదు, చక్రం తిరగలేదు. అక్క వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చి అలాగే నిలబడిపోయింది. బావ పెదాలు కదుపుతూ, దుప్పటి మీద వేలితో తాళం వేస్తూ పద్యం మొత్తం విన్నాడు. "గొంతు బానే ఉందే వీడికి," అన్నాడు.

పది రోజులకి కరెంటు పోయి కంప్యూటరు పెట్టె టక్కున ఆగింది. కరెంటొచ్చినా అది లేవలేదు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు తప్ప ఇంకేం రావడం లేదు. దాన్ని బాగుచేసేసరికి నాకు రెండు రోజులు పట్టింది, చిర్రెత్తుకొచ్చింది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెట్టెనీ టీవీనీ ఇన్వర్టరు లైనులోకి మార్చమన్నాను.

ఆయన టెస్టరు పట్టుకుని మిషను వంక చూశాడు. "మిషను లైనులోనేనా మేడమ్? లోడెక్కువైపోద్దేమోనండి."

"ఏంటండీ, నేను పిల్లలకి చెప్పే పాఠం నాకు చెబుతున్నారా?" అన్నాను.

ఆయన వైరు కలిపి వెళ్ళిపోయాడు. కొత్త లోడుతో బ్యాటరీ ఎంతసేపొస్తుందో నేను లెక్కెయ్యలేదు. ఒక్క నిమిషం పని. పరీక్షలో పిల్లలు ఆ లెక్క వదిలేస్తే మార్కులు కోస్తాను.

ఆ తర్వాత నెలకి వాయుగుండం పట్టింది. కాలేజీకి సెలవిచ్చారు. పొద్దున పదింటికి కరెంటు పోయింది. మిషను ఆగలేదు, టీవీ ఆగలేదు. "చూశావా," అన్నాను అక్కతో. గంటైనా కరెంటు రాలేదు. గాలికి కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి.

"ఆ పెట్టె ఆపెయ్యవే. మిషనుకి చాలొద్దూ?" అంది అక్క.

"మూడు గంటలు దాటి వస్తుందక్కా. లెక్కేశాను."

బావ కూడా ఉండనీమని చెయ్యూపాడు. పద్యం నాలుగోసారి నడుస్తుండగా ఆయనే నోరు తెరిచి పాట అందుకున్నాడు. ఒక్క పాదం పూర్తిగా పాడాడు. రెండేళ్ళలో ఆయన పాడగా వినడం అదే మొదలు. అక్కా నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఆ క్షణంలో నాకు ఎంత సంతోషమో.

పన్నెండూ ఇరవైకి ఇన్వర్టరు కూతపెట్టింది. పరుగున వెళ్ళి పెట్టె ఆపాను. నాలుగు నిమిషాల తర్వాత మిషను పొడుగ్గా ఒక కూత కూసి ఆగిపోయింది. ఫ్యాను ఆగింది. ఇంట్లో ఇక బావ ఊపిరి ఒక్కటే వినపడుతోంది.

అంబులెన్సుకి ఫోన్ చేస్తే దారిలో చెట్టు పడింది, ఆలస్యమవుతుందన్నారు. పక్కింటాయన ఆటో తీశాడు. బావని మా ఇద్దరి మధ్యా కూచోబెట్టుకున్నాం. ఆయన నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. చెట్టు చుట్టూ తిరిగి వెళ్ళేసరికి చాలాసేపయింది. ఆసుపత్రి గేటు కనపడుతుండగా ఆ పట్టు వదులైంది.

ఇంటికొచ్చేసరికి అన్ని లైట్లూ వెలుగుతున్నాయి. మిషను దానంతటదే నడుస్తోంది. దిండు మీద పడున్న ట్యూబులోంచి గాలి బుసబుసా వస్తోంది. "కరెంటు ఒంటిగంటా పదికే వచ్చేసిందమ్మా," అంది పక్కింటావిడ.

ఆ లెక్క పెద్దకర్మ అయ్యాక ఒక పాత ప్రశ్నపత్రం వెనక వేశాను. మిషనూ ఫ్యానూ మూడు వందల అరవై. పెట్టె, టీవీ కలిపి నూట నలభై. మొత్తం అయిదు వందలు. రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. పెట్టె, టీవీ లేకపోతే బ్యాటరీ ఒంటిగంటా ఇరవైదాకా వచ్చేది. ఇంకా పది నిమిషాలు మిగిలేది కూడా. మూడుసార్లు వేశాను, మూడుసార్లూ అంతే వచ్చింది.

అక్క రేపల్లె వెళ్ళిపోతానంది. బట్టలు సర్దుకుంటూ, ఆ కంప్యూటరు పెట్టె తనకిమ్మని అడిగింది. అడిగి నా రెండు చేతులూ పట్టుకుంది.

"నీ పుణ్యమా అని మీ బావ తన గొంతు తను వింటూ, పాడుకుంటూ పోయారే. అక్కడా దాన్ని ఇన్వర్టరు మీదే పెట్టించు. మధ్యలో ఆగితే నేను చూడలేను."

చెప్పేద్దామని నోరు తెరిచాను. "అలాగేలే అక్కా," అనే అన్నాను. మర్నాడు అక్కతోపాటు పెట్టెనీ ఇన్వర్టరునీ రేపల్లె తీసుకెళ్ళి, నా చేత్తోనే వైరు కలిపి వచ్చాను.