పదికి రెండు అని చెప్పిన అత్త

మా వీధికి పాతికేళ్లు చేపలు తెచ్చిన అత్త పోయిన మంగళవారం పొద్దున చనిపోయింది. కొడుకు ఫోన్ చేశాడు. ఆమెను నేను అత్తా అని పిలిచేవాణ్ణి కాబట్టి అతనికి నేను బావని.

"అమ్మ నేదు బావా," అన్నాడు. ఆ వెంటనే, "బాగైపోనాదని మీ పేపర్లో ఏసినారు కదా. ఇదీ ఎయ్యండి," అన్నాడు.

వేస్తున్నాను.

ఎచ్చెర్ల అవతల సముద్రం ఒడ్డున ఆమె ఊరు. పొద్దున్నే ఆటోలో శ్రీకాకుళం వచ్చి, తట్ట నెత్తిన పెట్టుకుని, మా వీధి మలుపులో ఒక్క కేక వేసేది. మూడో అంతస్తు వాళ్లకీ వినిపించేది. "ఇవాళ్టివేనా?" అని మా అమ్మ అడిగితే ఆమెకు కోపం. "నన్నడగడమేటమ్మా? మొప్ప సూడు," అంటూ చేప మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూపించేది. నిన్నటి చేపైతే తనే పక్కకు నెట్టేసేది. నేను గేటు దగ్గర కనిపిస్తే, "ఏటి పేపరు బాబూ, ఈయేళ ఎవుల మీద రాస్తన్నావు?" అని వీధంతా వినేలా అడిగేది.

రెండో విడత కరోనా ఆమెకూ వచ్చింది. జ్వరం పది రోజుల్లో పోయింది. ఆయాసం పోలేదు. ఇంటి నుంచి బోరింగు దాకా నడిస్తే కూర్చోవలసి వచ్చేది. తట్ట మూలన పడింది. ఇలాంటి వాళ్లకు విశాఖలో ఒక ఆస్పత్రి వాళ్లు ఫోన్ వీడియోలో ఊపిరి వ్యాయామాలు నేర్పుతున్నారని తెలిసి, నేనే ఆమె పేరు రాయించాను. మొదటి పాఠం రోజు ఆమె ఇంటికి వెళ్లి, బోర్లించిన తట్ట మీద ఫోన్ నిలబెట్టింది కూడా నేనే. తెర మీద నేర్పే అమ్మాయి, నరసన్నపేట రైసుమిల్లు గుమాస్తా ఒకాయన, గజపతినగరం నుంచి ఒక మేష్టారు కనిపించారు.

"ముక్కుతో పీల్చి, దీపం ఊదినట్టు మెల్లగా నోటితో వదలండమ్మా," అంది అమ్మాయి.

"దీపం ఊదడమేటి తల్లీ! ఇంటికి మంచిదా? టీ ఊదతాను."

"సరేనమ్మా, టీయే ఊదండి."

"నాకూ ఓ గ్లాసు అంపండి," అన్నాడు గుమాస్తా. అందరూ నవ్వారు. మేష్టారికి నవ్వుతోపాటు దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా పాఠం ఆగింది.

పాఠం చివర ఒక ప్రశ్న ఉండేది. ఈ రోజు ఆయాసం పదికి ఎంత? సున్నా అంటే అసలు లేదని, పది అంటే భరించలేనంత అని. అత్త మొదటి రోజు ఏడంది. రెండు నెలలకు నాలుగంది. మూడో నెల చివర రెండంది. రెండుకు దిగిన వాళ్లను పూర్తయిన జాబితాలోకి మార్చి, ఆ ఖాళీలో ఇంకొకరిని తీసుకుంటారు. ఆమెను మార్చారు.

నేను వార్త రాశాను. ఆస్పత్రి వాళ్లిచ్చిన అంకెలు, ఫోన్లో అత్తతో నాలుగు మాటలు. "ఎలా ఉంది అత్తా?" అంటే, "బాగున్నాను బాబూ," అంది. ఆమె ఊరు నాకు గంట ప్రయాణం కూడా కాదు. వెళ్లలేదు. తట్టతో ఉన్న ఫొటో కొడుకు పంపాడు. అది కరోనాకు ముందుది. ఆ సంగతి ఫొటో కింద రాయలేదు. విశేషణాలు తీసెయ్యండి, అంకె పెట్టండి అని కొత్త విలేకరులకు ఏళ్లుగా చెబుతున్నవాణ్ణి. ఆ వార్తలో ఒక్క విశేషణం లేదు.

ఆ వార్త వచ్చిన నాలుగు నెలలకు ఆయాసం పెరిగింది. మళ్లీ పాఠాల్లో చేర్చమని అడగడానికి కొడుకు ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లాడు. అక్కడ గోడకు నా వార్త అద్దం కట్టించి పెట్టారట. కౌంటర్లో ఉన్నాయన ఫొటో వంకా ఆమె వంకా చూసి, "ఈవిడే కదా? బాగైపోయారు కదమ్మా!" అన్నాడు.

"అవును బాబూ," అంది అత్త.

"సెప్పవేటే అమ్మా?" అని కొడుకు అక్కడే అరిచాడు. అప్పటికే జాబితాలో పూర్తయిందని ఉంది. పూర్తయిన వాళ్లను మళ్లీ చేర్చే పద్ధతి లేదన్నారు. నేను ఫోన్లు చేశాను, ఉత్తరం రాశాను. కొత్త జాబితాలో చివర పెడతామన్నారు. పిలుపు రాలేదు.

అప్పుడు వెళ్లాను. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది.

"మరి రెండని ఎందుకు చెప్పావత్తా?"

"ఆ పిల్ల రోజూ అంత ఓపిగ్గా అడగతన్నాది. ఎలాగున్నావంటే బాగున్నాననీసి అనాల గానీ, బాగోనేదని ఎవులంతారు బాబూ? అంత కష్టపడి నేర్పినాది, సిన్నబుచ్చుకోదా?" ఆగింది. "నువ్వూ అడిగినావు. నీకూ అదే సెప్పినాను. నువ్వు రాసీసినావు." నవ్వబోయింది. దగ్గు అడ్డొచ్చింది.

చేప గురించి తన మాట కూడా నమ్మొద్దన్న మనిషి. తన గురించి అన్న మాటను మేమందరం నమ్మాం. అదే మాకు సులువు.

పాఠాలు కొనసాగి ఉంటే బతికేదని ఏ డాక్టరూ నాతో అనలేదు. నేనూ అనను. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని చివర్లో తీసిన స్కానింగులో తేలింది. అది ముందే తీయలేదు. కాగితం మీద ఆమె బాగుంది. ఇంతవరకు చెప్పగలను.

నేర్చుకున్నదాన్ని మాత్రం ఆమె వృథా కానివ్వలేదు. ఒడ్డున చేపలు ఎండబెట్టే ఆడవాళ్లలో ఆయాసం ఉన్నవాళ్లను కూర్చోబెట్టి, తనకు ఊపిరి ఆడినంతకాలం నేర్పింది. "ఒసే, తొందరేటి? బోటు ఎల్లిపోతన్నాదా?" అని కసిరేదట.

ఆమెను సాగనంపిన రోజు సాయంత్రం ఒడ్డుకు వెళ్లాను. ఆమె తోడికోడలు పడవ నీడన కూర్చుని, ముక్కుతో పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదులుతోంది. ఆవిడకూ ఆ ఏడాదే కరోనా వచ్చింది.

"ఎలా ఉంది పిన్నీ?" అన్నాను.

"బాగున్నాను బాబూ. నాకేటి?" అని లేచి ఇంటి వైపు నడిచింది.

ఆ పడవ నుంచి మొదటి ఇంటికి అరవై అడుగులు ఉండవు. ఇసుకలో ఆవిడ నాలుగుసార్లు ఆగింది. నాలుగోసారి ఆగినప్పుడు, ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగింది. నన్ను చూసి, నడుం మీది చెయ్యి తీసేసి నవ్వింది.