మోకాలి మీది జిగురు

మిషను పెట్టిననాడు మా అమ్మ మోకాలి మీది జిగురు తుడవనియ్యలేదు. వ్యాన్‌ల వచ్చిన నర్సు కాయితం చేతికిచ్చి తుడుచుకోమంటే ఆమె చెయ్యి నెట్టేసి, టేకాకు తెప్పించి మోకాలికి చుట్టి దారంతోని కట్టుకున్నది. మందు ఇంకాలె గద! అమ్మ ఒక్కతే కాదు, మద్దేడ్ దిక్కు ఊళ్లల్ల ఆడోళ్లందరూ గంతే. చల్లటి జిగురు పూసి, దాని మీద మిషను పెట్టి రుద్దుతుంటే వైద్యం గాకుంటే ఇంకేందనుకుంటరు? అది లోపలి ఫోటో దిగెటందుకు పూసేదే అమ్మా, మందు గాదు అని నెత్తి నోరు కొట్టుకున్న. "పోవే, వాళ్లకన్న నీకే ఎక్కువ తెలుసా?" అన్నది.

బీజాపూర్ డాక్టరు ముందే చెప్పిండు. ఆపరేషన్ చేపియ్యాలె, వరంగల్ తీస్కపోండ్రి, ఆలస్యమైతే మంచాన పడుతది అని. అన్న అక్కడ అన్నీ మాట్లాడి పెట్టిండు. అమ్మ కదిలితేనా! "సగం తగ్గింది. మిషను రెండోసారొస్తే మొత్తం పోతది. కోసుకునుడెందుకు?" అని ఒక్కటే పట్టు. తగ్గిందనుకుంట తునికాకుకు అడివికి పోబట్టె. మోకాలేమో గుమ్మడికాయ లెక్క ఉబ్బింది.

నేను మా ఊరి మితానిన్‌ను. సర్కారు గోలీలు పంచుడు, కాన్పులోళ్లను దవాఖానకు తోలుకపోవుడు నా పని. మిషను పెట్టి చేసే ఈ మోకాళ్ల రీసెర్చ్‌ను రెండు పెద్ద దవాఖానలు కలిసి చేస్తున్నయి. దాని మీద సలహాలిచ్చే బోర్డు ఒకటుంది, అందుల ఊరి మనిషి ఒకరుండాలని రూలంట. హిందీ, గోండి, దోర్లి, తెలుగు వస్తయని నన్ను పట్టుకున్నరు. ఉత్త అలంకారానికని నాకు తెల్వక కాదు. ఆ పెద్దోళ్ల నోటితోని అమ్మకు నిజం చెప్పిద్దామని ఒప్పుకున్న.

మీటింగు జగ్దల్‌పూర్‌ల ఒక హోటల్ హాలుల. అందరి ముందర పేర్లు రాసిన అట్టలు పెట్టిండ్రు, నా ముందర 'గ్రామ ప్రతినిధి' అని పెట్టిండ్రు. తెర మీద మోకాళ్ల ఫోటోలు ఒకటెనక ఒకటి వస్తున్నయి. బాగ అరిగిపోయిన మోకాలొకటి రాంగనే ఒకాయన "బ్యూటిఫుల్" అన్నడు. ఎద్దు పుండు కాకికి నొప్పా? ఆ మోకాలు గల్లామె ఏ ఊళ్ల కుంటుకుంట నీళ్లు మోస్తున్నదో!

రిపోర్టు చదివే మేడమ్ హిందీల చెప్పింది, మొదటిసారి వచ్చినోళ్లు దాదాపు అందరూ రెండోసారికి గూడ వస్తమంటున్నరని. చప్పట్లు కొట్టిండ్రు. ఎందుకొస్తున్నరో అడిగిండ్రా అని నేనడిగిన. ఆమె నవ్వింది. "జెల్‌ను మందనుకుంటున్నరు. కొందరు ఇంటికి గూడ అడిగిండ్రు." హాలంత నవ్వులే. నా అరికాలి మంట నెత్తికెక్కింది.

"తెలిసి గూడ చెప్పలేదా?" అన్న.

మొత్తం రీసెర్చ్‌కు పెద్ద డాక్టరు మా ఎదురుగనే కూసున్నడు. ఆంధ్ర నుంచి వచ్చినాయన. నా మొఖం చూసి తెలుగులకు మారిండు. "చూడమ్మా, సంతకాలప్పుడు అన్నీ చదివి వినిపించాం. విననిది వాళ్లు. పైగా నొప్పి తగ్గిందంటున్నారు కదా, తగ్గనివ్వు. నీకేంటి నష్టం?"

"మా అమ్మ మంచాన పడుతది. అదీ నష్టం."

"ఒక్కరి కోసం రీసెర్చ్ ఆపేస్తామా? చెబితే రెండోసారి ఎవరూ రారు."

"రాకుంటే రాకపాయె! రమ్మని బొట్టు పెట్టి పిలిచినమా మిమ్ముల?"

బోర్డు అధ్యక్షుడాయన గిలాసను టక్‌టక్ కొట్టి, ఈ సంగతి వచ్చే మీటింగుల చూద్దామన్నడు. వచ్చే మీటింగంటె మిషను రెండోసారి తిరిగిపోయినంక. చెవిటోని ముందర శంఖం ఊదినట్టే ఉన్నది. ఇగ ఆగలేదు. వదినకు ఫోన్ కొట్టి, అమ్మకియ్యమని చెప్పి స్పీకర్ పెట్టిన. బల్ల చుట్టు తిరిగిపోయి పెద్ద డాక్టరు మూతి ముందర పెట్టిన. "ఊళ్లోళ్లకు తర్వాత చెప్పుదురు గని, ముందు మా అమ్మకు మీ నోటితోని చెప్పుండ్రి. మందు గాదని చెప్పుండ్రి."

"ఏంటిది, రౌడీయిజమా?" అని లేవబోయిండు. అటునుంచి అమ్మ "ఎవరు? మిషను డాక్టరుసాబా? ఎప్పుడొస్తరు సారూ?" అన్నది. హాలంత ఆయన దిక్కే చూస్తున్నది. ఆయన కూసున్నడు.

"అమ్మా, అది మందు కాదు. లోపల ఎలా ఉందో ఫోటో తీశాం, అంతే. ఆపరేషన్ చేయించుకోండి."

అమ్మ "మందు గాకుంటే నాకెట్ల తగ్గింది సారూ?" అన్నది.

"మీరు నమ్మారు కాబట్టి తగ్గినట్టు అనిపించిందమ్మా."

ఫోన్ కట్టయింది. "ఇప్పుడు సంతోషమా?" అని పెద్ద డాక్టరు నన్నడిగిండు. అన్నం తినకుంటనే బస్టాండుకు పోయిన. గెలిచిననే అనుకున్న, అబద్ధమెందుకు.

ఇంటికొచ్చేసరికి అమ్మ మంచంల ఉన్నది. పొద్దుగాల గూడ అడివికి పోయొచ్చిన మనిషి, ఫోన్ పెట్టేసినంక లేచి నిలబడలేకపోయిందని వదిన చెప్పింది. నన్ను చూడంగనే మొఖం గోడ దిక్కు తిప్పుకున్నది. కాలు ముట్టుకోబోతే కసురుకున్నది. "మంచిగున్నదాన్ని. నడుస్తున్నదాన్ని. ఓర్వలేకపోయినవా?" అన్నది. ఆమె చెప్పింది గూడ నిజమే. నేను ఫోన్ కొట్టేదాక అమ్మ నడిచింది.

తెల్లారి వరంగల్ పోదామంటే కాదనలేదు. ఇగ కాదనెటందుకు ఆమె దగ్గర ఏం మిగలలేదు. అన్న బండి మీద కూసోబెడుదామని చూస్తే కాలు వంగలేదు. సడక్ దాకా ఎట్లనని అందరం నిలబడ్డం. అమ్మ నా దిక్కు వేలు చూపింది.

"నొప్పి తెచ్చింది నువ్వే. నువ్వే మొయ్యి."

వంగని కాలు అట్లనే వేలాడంగ వీపు మీద ఎక్కించుకున్న. సడక్ వచ్చేదాక నా చెవుల తిట్టుకుంటనే ఉన్నది, రెండు చేతులు నా మెడ చుట్టు గట్టిగ వేసి.