అక్క పేరున్న ప్రూఫు

పోయిన నెల మా మనవరాలు తన పెళ్ళి పత్రికను కంప్యూటర్ మీద తయారు చేసుకుంటూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. రేపు చేతికి రాబోయే పత్రిక ఎలా ఉంటుందో అచ్చం అలాగే తెర మీద కనిపిస్తోంది. తన పేరును పైకి జరిపింది, పెద్దది చేసింది, ఆకుపచ్చ రంగు వేసింది, నచ్చక తీసేసింది, మళ్ళీ తెచ్చింది. "అవ్వా, నా పేరు పెళ్ళికొడుకు పేరుకు పైన పెట్టనా, పక్కన పెట్టనా?" అని అడిగింది. నేను కళ్ళజోడు తుడుచుకునే నెపంతో లేచి పెరట్లోకి పోయాను. ఒక ఆడపిల్ల పేరు కాగితం మీద ఎలా ఉంటుందో చూడాలన్న కోరిక మా ఇంట్లో ఎంత పని చేసిందో ఆ పిల్లకు తెలియదు. తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. నేనూ చెప్పకుండా పోతే అసలేమీ జరగనట్టే అవుతుంది. అందుకే రాస్తున్నాను.

మాది నెల్లూరు. ముస్లిములమైనా ఇంట్లో మాట తెలుగే. నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. పొద్దున లేస్తే దూది ఏకే వింటి నారి మోత, మధ్యాహ్నానికి ఇల్లంతా తెల్లటి నలకలు. మా ఇంటి పప్పులో ఆవగింజ కంటే ముందు దూది తగులుతుందని చుట్టాలు ఎగతాళి చేసేవాళ్ళు. మా అమ్మ తమ్ముడు, మా మామ, ట్రంకురోడ్డు పక్క సందులో ఒక చిన్న ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటరు. నాకు అయిదో తరగతితో బడి ఆగిపోయింది. మామ లైబ్రరీలో తన పేరు మీద పుస్తకాలు తెచ్చి ఇచ్చేవాడు. అవే నా బడి. అవి చదివి చదివి నాకు గర్వం బాగా తలకెక్కింది. వీధిలో ఎవరికి ఉత్తరం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. చదివి చెప్పి ఊరుకోకుండా, వాళ్ళకు అర్థంకాని మాట ఒకటి కలిపి పంపేదాన్ని.

నాయనకు చదువు రాదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనేవాళ్ళం కాదు. ఎవరైనా కాగితం చేతికిస్తే దూరంగా పట్టుకుని చూసి, "కళ్ళజోడు ఇంటికాడ మర్చిపోయినా" అనేవాడు. ఆయనకు కళ్ళజోడే లేదు. అక్కకు మైపాడు సంబంధం కుదిరినప్పుడు ఈ అబద్ధం కొంచెం పెద్దదైంది. పెళ్ళికొడుకు తండ్రికి ఆ సముద్రపు ఊళ్ళో వలలకు నూలూ తాళ్ళూ అమ్మే దుకాణం ఉంది. బావమరిది ప్రెస్సులో, చిన్నకూతురు పుస్తకాల్లో, ఇది చదువుకున్న ఇల్లు అని ఆయన మెచ్చుకుని సంబంధం కలుపుకున్నాడు. నాయన కాదనలేదు.

శుభలేఖ రాసే పని నా మీద పడింది. ఎక్కడో చదివిన పద్ధతిలో అక్క పేరుకు ముందు చి.ల.సౌ. అని పెట్టాను. మామ చదివి, "ఏమ్మే, మనింటికి లక్ష్మిని కూడా తీసుకొస్తివే" అని నవ్వి కొట్టేశాడు. దాంతో పాటు పేరు కూడా కొట్టేశాడు. మా వాళ్ళలో శుభలేఖ మీద పెళ్ళికూతురి పేరు వేసే ఆచారం లేదు. 'నా పెద్ద కుమార్తెను' అని ఉంటుంది, అంతే. ఆ కాగితం దుకాణాల్లోకి పోతుంది, మగవాళ్ళ చేతులు మారుతుంది, కిందపడి తొక్కుడవుతుంది. ఆడబిడ్డ పేరు అలా తిరగకూడదు. నా పుస్తకాల్లో ఆడవాళ్ళకు పేజీ పేజీకీ పేర్లున్నాయని నేను వాదించాను. మామ వినలేదు. అప్పుడు తలుపు చాటున బియ్యం ఏరుతున్న అక్క, "పంచొద్దులే మామా. ఒక్కసారి అచ్చులో ఎట్టుంటాదో చూస్తా, అంతే" అంది. అక్క ఏదీ అడిగే మనిషి కాదు. మామ గడ్డం గోక్కుని సరేనన్నాడు.

ఆ రోజుల్లో చూడటమంటే అచ్చు వేయడమే. సీసపు అక్షరాలు అద్దంలో బొమ్మలాగా కుడి ఎడమలు మారి ఉంటాయి. వాటిని వరసగా పేర్చి, చట్రంలో బిగించి, సిరా పట్టించి కాగితం మీద అద్దితేనే అసలు రూపం బయటపడేది. మామ రెండు ప్రూఫులు, అంటే సరిచూసుకునే కాగితాలు, తీశాడు. ఒకటి మైపాడు పెద్దలకు చూపించడానికి. రెండోది, అక్క పేరుతో ఒక్క వరస ఎక్కువ పేర్చి, అక్కకు. రెండింటికీ పైన నెలవంక, నక్షత్రం బొమ్మ ఉంది. వాటిని బల్ల మీద ఆరబెట్టి టీకి పోయాడు. అంతలో నాయన మైపాడు బస్సుకు పోతూ ప్రెస్సులోకి వచ్చాడు. నెలవంకను చూసి, ఆరినట్టు కనిపించిన కాగితాన్ని తీసుకుపోయాడు. తిరిగి వచ్చిన మామ మిగిలిన దాన్ని చదవకుండానే మడిచి జేబులో పెట్టుకుని సాయంత్రం ఇంటికి తెచ్చాడు.

అక్క చేతులు కడుక్కుని, తుడుచుకుని, గడప దగ్గర వెలుతురులో ఆ మడత విప్పింది. చదవడం ఆమెకూ కొద్దిగా వచ్చు. వేలు పెట్టి ఒక్కో వరసా కిందికి జరుపుకుంటూ పోయింది. 'నా పెద్ద కుమార్తెను' దగ్గర వేలు ఆగింది. మామ మొహం చూసింది. మామ నా మొహం చూశాడు. పేరున్న కాగితం నాయన చేతిలో మైపాడు పోయింది. అమ్మ నెత్తి మీద ముసుగు సర్దుకుని నాయన కోసం వాకిట్లో నిలబడింది.

నాయన చీకటి పడే వేళకు వచ్చాడు. చెప్పులు విడిచి, కాళ్ళు కడగకుండానే వసారాలో కూర్చుని, జరిగింది ఎవరో పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పాడు. తాళ్ళు బేరం చేసే జనం దుకాణం నిండా ఉన్నారట. కాగితం ఇస్తూ, "రెండుసార్లు చదివే తెచ్చినా బావా, తప్పుల్లేవు" అన్నాడట. పెళ్ళికొడుకు తండ్రి సంబరంగా, అందరికీ వినబడేలా చదవడం మొదలుపెట్టాడట. అక్క పేరు పలికాక ఆగిపోయాడట. బేరాలు కూడా ఆగాయట. "చదివే తెచ్చినావా బావా? బిడ్డ పేరు బజార్లో పంచుదామనా?" అని అడిగాడట.

నాయన అక్కడిదాకా చెప్పి నీళ్ళు అడిగాడు. అక్కే తెచ్చి ఇచ్చింది. తాగాక అన్నాడు: "నాకు చదువు రాదని చెప్పినా. చంద్రవంకను చూసి తెచ్చినానని చెప్పినా. ఇంకేం జెప్పేది?"

సంబంధం నిలిచింది. ఆ కాగితాన్ని పక్కనున్న టీ కొట్టు పొయ్యిలో పడేయించారట. పేరు రాసింది నేనని నేనూ, అడిగింది నేనని అక్కా, అచ్చు వేసింది నేనని మామా ఒకరి తర్వాత ఒకరం చెప్పాం. నాయన ఎవరినీ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నా లైబ్రరీ పుస్తకం గూట్లో తెరిచిన పేజీ మీద బోర్లా పడి ఉంది. దాన్ని చూడటానికి కూడా నాకు సిగ్గేసింది. వంటింట్లో అక్క ఏడుస్తూనే నా చెవిలో, "నా పేరు మైపాడు పోయొచ్చేసింది మే, ఇంక నేనే పోవాల" అంది.

పెళ్ళి జరిగింది. ఆ తర్వాత మైపాడులో ఏ శుభకార్యమైనా, భోజనాల దగ్గర ఎవరో ఒకరు కాగితమ్ముక్క నాయన ముందు పెట్టి, "రెండుసార్లు చదువు బావా" అనేవాళ్ళు. అందరూ నవ్వేవాళ్ళు, నాయన కూడా నవ్వేవాడు. ఆ నవ్వు చూడలేక నేను వడ్డించే వంకతో లోపలికి పోయేదాన్ని. చదువు నేర్పుతానని ఒకసారి పలక తెచ్చాను. "ఇప్పుడెందుకు తల్లీ, అందరికీ తెలిసిపోయిందిగా" అన్నాడు. అచ్చులో తన పేరు చూపించమని అక్క మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. నాకు చూపించాలని ఉన్నా, ఆ మాట ఎత్తితే నాయన తల వంగుతుందని, ఆయన పోయాక అక్క తల వంగుతుందని, ఊరుకున్నాను. రెండేళ్ళ కిందట అక్క కూడా పోయింది.

పెరట్లోంచి వచ్చి, పేరు పైనే పెట్టుకోమని మనవరాలికి చెప్పాను. ఈ నాలుగు మాటలు తెర మీద పేర్చి పెట్టింది కూడా ఆ పిల్లే, షమీనా. ఆమెకు నా కృతజ్ఞతలు. నాకు పుస్తకాలు తెచ్చిచ్చిన మామ మీరాసాహెబుకు, మా కోసం నలుగురిలో నిజం చెప్పిన నాయన దస్తగిరికి, ఇంట్లో ఎవరినీ పల్లెత్తు మాట అననివ్వని అమ్మ మస్తానమ్మకు కృతజ్ఞతలు. ఈ కాగితం మాత్రం ఒక్కసారి చూస్తానన్న మా అక్క కాసింబీకి. ప్రెస్సు సిరా ఒక్క పూటలో ఆరేది. మా ఇంటి సిగ్గు ఆరడానికి అరవై ఏళ్ళు పట్టింది, ఆరేసరికి చదువుకోవలసిన మనిషి లేదు.