సత్తెన్న నేర్పిన మొలతాడు రూల్

నిన్న పొద్దున్నే ఫోన్‌లో మెసేజ్. సత్తెన్న ఇక లేడని.

నమ్మలేదు.

చెప్పాపెట్టకుండా బెల్ కొట్టి, ఫ్యాక్టరీ మొత్తాన్ని గేటు బయటికి పరిగెత్తించి, చివర్లో "మాక్ డ్రిల్" అని నవ్వే మనిషి. ఇది కూడా అలాంటిదేనేమో అనుకున్నా.

సత్తెన్న భార్యకు, అదే మా వదినకు ఫోన్ చేశా. అవ్, నిజమే అని ఏడ్చింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

మా పాల్వంచ బ్యాచ్‌కి పరిచయం అక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తున్నా. సత్తెన్న మా ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్. దుమ్ముగూడెం మనిషి. నేను రిసెప్షన్‌లో చేసేదాన్ని. తోడబుట్టకపోయినా, తోడబుట్టినవాళ్లకంటే ఎక్కువ ఆటపట్టించాడు నన్ను.

రిసెప్షన్ కొత్తగా కట్టినప్పుడు మేనేజర్ గారు అక్కడ మంటలార్పే పెద్ద పౌడర్ సిలిండర్ ఒకటి పెట్టించారు. చూడ్డానికి బాగాలేదని పూలకుండీ వెనక దాచమన్నారు.

సత్తెన్న వచ్చి చూశాడు. నా కుర్చీలో కూర్చుని, ఇక్కడ నిప్పంటుకుంటే ఏమేం కాలుతాయో చెప్పమని నన్నే అడిగాడు.

సోఫా, కర్టెన్లు, పేపర్లు అన్నా. ఎదురుగా ఉన్న కంప్యూటర్, ఫోన్ల బోర్డు మర్చిపోయా. పొద్దంతా వాటి ముందే కూర్చుని వాటినే మర్చిపోయానని వారం రోజులు ఏడిపించాడు.

సోఫాకి, పేపర్లకి నీళ్ల సిలిండర్ పెట్టించాడు. కరెంటు వస్తువుల మీద నీళ్లు కొడితే మనకే షాక్. అందుకని వాటికి కార్బన్ డయాక్సైడ్‌ది. పౌడర్ రెండిటికీ పనిచేస్తుంది గానీ, గదిలో కొడితే తెల్లగా కమ్మేసి తలుపు కూడా కనబడదట. దాన్ని జనరేటర్ దగ్గరికి సాగనంపాడు.

అంతటితో వదల్లేదు. ఎత్తి చూడమన్నాడు.

నీళ్లది ఎత్తబోయి దాంతోపాటు నేనూ వంగిపోయా. ఆయన నవ్వు గేటు దాకా వినబడి ఉంటుంది. నవ్వడమైతే నవ్వాడు గానీ, వెంటనే దాన్ని మార్పించి నేను ఎత్తగలిగే చిన్నది తెప్పించాడు.

రెండిటినీ తలుపు పక్కనే, నా చెయ్యి అందేంత ఎత్తులో తగిలించాడు. మంట ఆర్పేటప్పుడు తలుపు మన వెనక ఉండాలట, ఆరకపోతే అటే బయటపడాలి కదా. పాపం పూలకుండీకి తోడు లేకుండా పోయింది.

ఇక దసరా సంగతి.

మా దగ్గర ఆయుధపూజ అంటే మిషన్లకే కాదు, స్టేప్లర్‌కి కూడా బొట్టు పెట్టేస్తాం. ఆ ఏడాది అమ్మాయిలమంతా కలిసి సిలిండర్లకు పసుపు కుంకుమ పెట్టి, మెడలో బంతిపూల దండలేసి, జారకుండా దారంతో గట్టిగా చుట్టాం. పెళ్లికూతుళ్లలా ఉన్నాయని మురిసిపోయాం.

సత్తెన్న వచ్చాడు. ముందు భక్తిగా దండం పెట్టుకున్నాడు. తర్వాత సిలిండర్ మెడ దగ్గరుండే పిన్ గుంజమన్నాడు, అది గుంజితేనే కదా సిలిండర్ పనిచేసేది.

రాలేదు. దారం పిన్‌ని కూడా కట్టిపడేసింది.

తిడతాడేమో అనుకున్నా. ఆయనే నిదానంగా దండ విప్పి సిలిండర్ నడుముకు కట్టాడు.

"పూజ మానకు చెల్లె. దండ మాత్రం మెడల ఎయ్యకు. గిట్ల మొలతాడు లెక్క కట్టు."

అప్పటి నుంచి దసరా వస్తే మా ఫ్యాక్టరీలో సిలిండర్లన్నిటికీ బంతిపూల మొలతాళ్లే. వచ్చినవాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు.

మరుసటి దసరాకి మా అమ్మ బోనకల్ నుంచి పూజ చూడ్డానికి వచ్చింది. మోకాళ్ల నొప్పులు. రిసెప్షన్ సోఫాలో కూర్చోబెట్టా. మిగతా అందరూ లోపల మిషన్ల దగ్గర కొబ్బరికాయలు కొడుతున్నారు.

కౌంటర్ మీద పెట్టిన దీపం రంగుకాగితాలకు అంటుకుంది. చూస్తుండగానే మంట కంప్యూటర్ మీదికి పాకింది.

అమ్మ లేవబోయి మళ్లీ కూలబడింది. ఆమెను మోసుకుపోయే బలం నాకు లేదు.

చెయ్యి దానంతటదే తలుపు పక్కకు వెళ్లింది. కార్బన్ డయాక్సైడ్‌ది ఎత్తా. పిన్ గుంజా. టక్కున వచ్చేసింది. మంట మొదలు చూసి కొట్టా.

ఆరిపోయింది.

సత్తెన్న చేతిలో కొబ్బరిచిప్పతోనే పరిగెత్తుకొచ్చాడు. అమ్మను చూశాడు. నన్ను చూశాడు. నా చేతిలో సిలిండర్‌ని చూశాడు. దాని మొలతాడు దానికే ఉంది.

అమ్మ పక్కనే సోఫాలో కూలబడి ఒకటే నవ్వు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. అమ్మ ఆయన చేతిలోని కొబ్బరి విరిచి ఆయన నోట్లోనే పెట్టింది. ఆ తర్వాత ఏ ఎండాకాలమూ ఆయనకు ఆవకాయ పంపడం మర్చిపోలేదు.

నిన్న సాయంత్రం దుమ్ముగూడెం వెళ్లాం. అమ్మ కూడా వస్తానంది, తీసుకెళ్లా.

మెడ కనబడనన్ని దండలు వేశారు అన్నకు. నేను తీసుకెళ్లింది బంతిపూల దండ. మెడలో వేయడానికి మనసొప్పలేదు. నడుము మీద అడ్డంగా పరిచా.

పక్కనున్న పెద్దాయన దాన్ని సరిచేయబోయాడు. వదిన ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యి బాబాయ్. ఆయనకు గట్లనే ఇష్టం."

అంత ఏడుపులోనూ నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వా. అమ్మ మా ఇద్దరి చేతులూ పట్టుకుంది.

పోయిరా సత్తెన్నా. ఏ బెల్లూ మోగని చోట చల్లగా నిద్రపో.